స్పీడు ఉంది, మీటింగే తెగిపోతోంది

ప్రశ్న: మాది హనుమకొండ, గోపాలపురం. రెండంతస్తుల సొంత ఇల్లు, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక ఉంది. నేను పనిచేసేది మేడమీద గదిలో. హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం, ఇంటి నుంచే పని. అమెరికా వాళ్ళతో మీటింగులన్నీ సాయంత్రం ఏడు తర్వాతే. సరిగ్గా అప్పుడే మామయ్య టీవీలో సినిమా పెడతారు. ఇంటర్ చదివే మా బాబు ఆన్‌లైన్ క్లాసో, వీడియో గేమో మొదలుపెడతాడు. ఇంటి చుట్టూ నాలుగు వైఫై కెమెరాలున్నాయి. అవతలి వాళ్ళ మాట నాకు బాగానే వినిపిస్తుంది. నా మాటే వాళ్ళకు ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. స్పీడ్ టెస్టులో 90 పైనే చూపిస్తోంది. వైఫైని అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ కొని నా గదిలో పెట్టినా మార్పు లేదు. ఆపరేటర్ 200 ప్లాన్‌కు మారమంటున్నాడు. రౌటర్ సెట్టింగుల్లో, ఏ పరికరానికి ముందు దారి ఇవ్వాలో చెప్పే క్యూఓఎస్ అనే పేజీ కనబడింది. అందులో నా ల్యాప్‌టాప్‌ను ముందు పెడితే సరిపోతుందా? బాబు ఆటలు మాన్పించాలా? దీని మీద ఇంట్లో రోజూ మాటా మాటా పెరుగుతోంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: 200 ప్లాన్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. బాబును కూడా ఏమీ అనకండి. మీ ఉత్తరంలో మిగతా వివరాలన్నిటికంటే విలువైన వాక్యం ఒకటుంది. వాళ్ళ మాట మీకు బాగా వినిపిస్తోంది, మీ మాటే వాళ్ళకు అందడం లేదు. అంటే ఇంట్లోకి వచ్చే దారి బాగుంది, ఇంట్లోంచి బయటికి వెళ్ళే దారిలో ఎక్కడో చిక్కు ఉంది. మామయ్య చూసే సినిమా వచ్చే దారిది. బాబు వినే క్లాసు కూడా ఎక్కువ భాగం వచ్చే దారిదే. ఇంట్లో రోజూ నింద పడుతున్నది ఈ ఇద్దరి మీదే అనుకుంటాను. మీరు రాసిన లక్షణాన్ని బట్టి చూస్తే ఇద్దరి తప్పూ ఇందులో చాలా తక్కువ.

లెక్క చూద్దాం. మంచి నాణ్యత గల వీడియో మీటింగుకు రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఉత్త మాటకైతే 100 కేబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్‌లో పదో వంతు) కూడా పట్టదు. టీవీలో హెచ్‌డీ సినిమాకు 5, 4కే సినిమాకు 15 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుందని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెబుతారు. ఆన్‌లైన్ గేమ్ ఆడుతున్నప్పుడు సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా ఖర్చు కాదు. ఇవన్నీ కలిపినా మీ 100లో మూడో వంతు దాటదు. ఇంత ఖాళీ ఉన్నా మాట తెగుతోందంటే, ఇంకో 100 ఖాళీ కొన్నంత మాత్రాన అతుక్కోదు.

మరి స్పీడ్ టెస్టు 90 ఎందుకు చూపిస్తోంది? అది కొలిచేది ఎంత సరుకు దాటిందని. మీటింగుకు కావలసింది ఎంత సమయానికి దాటిందన్నది. మీరు మాట్లాడుతుంటే మీ గొంతు సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క చొప్పున, సెకనుకు 50 ముక్కలుగా బయలుదేరుతుంది. అవతలి కంప్యూటర్ వాటిని వరుసగా పేర్చి వినిపించాలి. ఒక ముక్క ఆలస్యమైతే దాని కోసం ఆగడానికి వీల్లేదు. ఆ తర్వాత వచ్చినా అది పనికిరాదు. ఖాళీని కంప్యూటర్ తన ఊహతో పూరిస్తుంది. అవతలి వాళ్ళు గొంతు రోబోలా ఉందంటే అది ఆ పూరింపు శబ్దమే. సినిమాకు ఈ బాధ లేదు. అది ముందుగానే కొంత భాగం దించి పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో ఒకటి రెండు సెకన్లు నెట్ తడబడినా మామయ్యకు తెలియదు. అందుకే ఒకే ఇంట్లో ఒకే క్షణంలో టీవీ నిక్షేపంగా నడుస్తుంటే మీ మీటింగు మాత్రం తెగిపోతుంది.

స్పీడ్ టెస్టులో రెండో అంకె, అంటే బయటికి వెళ్ళే వేగం (అప్‌లోడ్), ఎంతో మీరు రాయలేదు. చాలామంది దాన్ని చూడరు. మీ సమస్యకు అదే ముఖ్యం కాబట్టి ఇవాళే చూసి రాసిపెట్టుకోండి, కింద దానితో పని ఉంది.

వెళ్ళే దారిలో చిక్కు రెండు చోట్ల ఉండవచ్చు. ఒకటి మీ గదికీ హాల్లోని రౌటర్‌కూ మధ్య ఉన్న గాలిలో. రెండోది రౌటర్ నుంచి బయటికి పోయే తీగ దగ్గర, అక్కడ ఏర్పడే వరుసలో. మీ లక్షణం ఈ రెండింటికీ సరిపోతుంది, అదే ఇందులో తిరకాసు. ల్యాప్‌టాప్, ఫోను లాంటి పరికరాల రేడియో సాధారణంగా రౌటర్ రేడియో కంటే బలహీనమైనది. దూరం పెరిగే కొద్దీ రౌటర్ మాట ల్యాప్‌టాప్‌కు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ మాట రౌటర్‌కు అందడం మానేస్తుంది. అంటే గాలి బాగా లేకపోయినా ముందు దెబ్బతినేది మీ గొంతే. కెమెరాలు అప్‌లోడ్ దారిని నింపేసినా దెబ్బతినేది మీ గొంతే. ఏదో తేల్చుకోకుండా క్యూఓఎస్ పేజీ తెరిస్తే చీకట్లో తడుముకున్నట్లే. మీ ప్రశ్నకు సూటి జవాబు కూడా ఇదే: ప్రాధాన్యం పెట్టడం వరుసను బాగుచేస్తుంది గానీ, గాలిని బాగుచేయదు.

తేల్చుకునే పద్ధతి సులువే. ఒక సాయంత్రం మీటింగుకు ల్యాప్‌టాప్ తీసుకుని కింద హాల్లోకి వెళ్ళి, ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి కూర్చోండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. టీవీ, గేమ్, కెమెరాలు అన్నీ మామూలుగానే నడవనివ్వండి. ఇబ్బందే, కానీ ఒక్క సాయంత్రమే. మాట శుభ్రంగా వెళ్తే దోషం గాలిది. కేబుల్ మీద కూడా తెగితే దోషం వరుసది, లేదా ఆపరేటర్ లైనుది.

ఇంకాస్త స్పష్టంగా చూడాలంటే పింగ్ వాడండి. ఒక చిన్న ముక్క పంపి, దానికి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపించేది అది. కంప్యూటర్లో కమాండ్ కిటికీ తెరిచి చేయవచ్చు, ఫోనులో ఉచిత యాప్‌లూ ఉన్నాయి. రెండు పింగ్‌లు పక్కపక్కనే నడపాలి. మొదటిది మీ రౌటర్‌కు. దాని చిరునామా రౌటర్ అడుగున అతికించిన కాగితం మీద ఉంటుంది, తరచుగా 192.168.1.1 లేదా 192.168.0.1. రెండోది బయటి ప్రపంచానికి, గూగుల్ వారి 8.8.8.8 గానీ క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 గానీ. మేడమీద మీ గదిలోనే, మీటింగు తెగే వేళకే చేయండి. రౌటర్ పింగ్ 2, 3, 5 మిల్లీసెకన్లుగా వస్తూ, ఎప్పుడో ఒకసారి 20 దాకా వెళ్తే గాలి బాగున్నట్లు. అదే 4, 180, 7, 310, తర్వాత జవాబే లేదు, మళ్ళీ 5, ఇలా గంతులు వేస్తుంటే ఆపరేటర్‌కు ఫోను చేయడం దండగ. ఆ తెగుడు మీ నాలుగు గోడల మధ్యే జరుగుతోంది.

రౌటర్ పింగ్ కుదురుగా 3 దగ్గరే ఉండి, బయటి పింగ్ మాత్రం 20 నుంచి 400కు ఎగబాకితే వరుస పెరిగిపోతున్నట్లు. అది నిర్ధారించుకోవడానికి, పింగ్ నడుస్తుండగా ఇంకో ఫోను నుంచి పెద్ద వీడియో ఒకటి గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించండి. ఎక్కించడం మొదలవగానే అంకె పైకి లేచి, ఆపగానే దిగివస్తే ఇక సందేహమే లేదు. ఎవరూ ఏమీ వాడని అర్ధరాత్రి కూడా బయటి పింగ్ బాగా లేకపోతే అప్పుడు లైను సంగతి చూడాలి.

మీ ఇంట్లో గాలి కొంతైనా దోషి అని నా అనుమానం. రౌటర్ టీవీ వెనక ఉందన్నారు. టీవీ లోపల వెనక వైపు సాధారణంగా లోహపు రేకు ఉంటుంది. మన వైపు ఇళ్ళలో టీవీ గోడకు గ్రానైట్ పలకలు అతికించే అలవాటూ ఉంది. కరీంనగర్ గ్రానైట్ దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి గడపకూ గట్టుకూ గోడకూ అదే వాడతాం. ఆ గోడ వెనక ఇటుక, పైన ఇనుప చువ్వలు అల్లిన స్లాబు. మధ్యలో బీరువా గానీ నిలువుటద్దం గానీ ఉంటే చెప్పనక్కరలేదు. వైఫై వాడే రెండు పరిధుల్లో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఇవన్నీ దాటి మీ గదికి చేరేసరికి నీరసిస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువే గానీ గోడలు దాటే శక్తి ఇంకా తక్కువ.

కాబట్టి మొదట రౌటర్‌ను టీవీ వెనక నుంచి బయటికి తీయండి. మెట్లు ఇంటి లోపలే ఉంటే, మెట్ల మొదట్లో మనిషి ఎత్తున గోడకు బిగించండి. మెట్ల మీద స్లాబు తెరిచి ఉంటుంది కదా, తరంగం ఆ ఖాళీ గుండా పైకి వస్తుంది. రౌటర్‌కు బయటికి కనిపించే యాంటెనాలు ఉంటే అన్నిటినీ నిటారుగా నిలబెట్టకండి. నిటారు యాంటెనా చుట్టుపక్కలకు బాగా పంపుతుంది, తన నెత్తి మీదికి చాలా తక్కువ పంపుతుంది. ఒకదాన్ని అడ్డంగా పడుకోబెడితే పై అంతస్తుకు మేలు. ఫైబర్ తీగ ఆ చోటుకు చాలకపోతే ఆపరేటర్ మనిషిని పిలిచి పొడిగించమనండి. మీరే లాగి మెలితిప్పవద్దు, ఫైబర్ గట్టిగా వంగితే వెలుగు లోపలే కారిపోతుంది.

ఇప్పుడు టీవీ సంగతి. అది రౌటర్ పక్కనే ఉండి కూడా వైఫై వాడుతోందేమో చూడండి. చాలా ఇళ్ళలో ఇలాగే ఉంటుంది. ఒక చిన్న ల్యాన్ కేబుల్‌తో కలిపేయండి. సినిమా మొత్తం గాలిలోంచి తప్పుకుంటుంది. మామయ్యకు కూడా ఎప్పుడూ తిరుగుతూ కనిపించే ఆ గుండ్రటి గుర్తు బాధ తగ్గుతుంది. నా దృష్టిలో మీ ఇంట్లో అతి తక్కువ ఖర్చుతో జరిగే పెద్ద మేలు ఇదే.

రిపీటర్ పెట్టిన చోటే దాన్ని పనికిరానిదిగా చేసింది. సిగ్నల్ అందని గదిలో పెట్టిన రిపీటర్ ఆ అందని సిగ్నల్‌నే మళ్ళీ అరిచి చెబుతుంది. అదీగాక, ఒకే రేడియోతో రౌటర్‌తోనూ మీతోనూ మాట్లాడే రిపీటర్ ప్రతి ముక్కనూ రెండుసార్లు గాలిలోకి పంపాలి. అంటే సామర్థ్యంలో దాదాపు సగం అక్కడే పోతుంది, ఆలస్యం తోడవుతుంది. సినిమాలకైతే సర్దుకోవచ్చు, మీటింగులకు దాని మీద ఆధారపడవద్దు.

మీది సొంత ఇల్లు కాబట్టి నా గట్టి సలహా ఒకటే: రౌటర్ నుంచి మీ గదికి క్యాట్ 6 కేబుల్ ఒకటి లాగించండి. వంద మీటర్ల దాకా అది పూర్తి వేగంతో పనిచేస్తుంది, మీకు పాతిక మీటర్లు కూడా పట్టదు. కొనేటప్పుడు లోపలి తీగ అసలు రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగలు చవగ్గా అమ్ముతారు, అవి వద్దు. కరెంటు తీగలున్న గొట్టంలోంచి కాకుండా వేరే గొట్టంలోంచి తెప్పించండి. బయటి గోడ మీదుగా అయితే తప్పకుండా పీవీసీ పైపులోనే. మన హనుమకొండ డాబాల మీద వేలాడే తీగ ఏదైనా కోతులకు ఊయలే. ఆ కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చుకోవచ్చు. పై అంతస్తుకంతటికీ వైఫై కావాలంటే కేబుల్ చివర ఒక యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టండి. మీ రిపీటర్‌కే ల్యాన్ రంధ్రం ఉండి, సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ పద్ధతి ఉంటే కొత్తది కొనే పనే లేదు.

కేబుల్ వచ్చేదాకా కొన్ని సర్దుబాట్లు. ఫోనులో వైఫై అనలైజర్ లాంటి యాప్ వేసుకుని మీ గదిలో సిగ్నల్ చూడండి. మైనస్ తర్వాతి అంకె పెరిగే కొద్దీ సిగ్నల్ బలహీనమని అర్థం. మైనస్ 50 దగ్గర ఉంటే అద్భుతం. మాటా వీడియోలకు మైనస్ 67 లోపు ఉండాలి. మైనస్ 75 దాటితే తెగడం ఖాయం. చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు ఏ ఛానల్ మీద ఉన్నాయో కూడా అదే యాప్ చూపిస్తుంది. 2.4లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్ళు మాత్రమే. వాటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌గా పెట్టండి. వెడల్పు 40 చేస్తే వేగం పెరుగుతుందని కొందరు చెబుతారు. గోడకు గోడ ఆనుకున్న వీధుల్లో, ముఖ్యంగా హాస్టళ్ళు నిండిన నయీంనగర్, కిషన్‌పుర లాంటి చోట్ల అది పక్కింటి గోల కూడా నెత్తికెత్తుకోవడమే. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 ఎంచుకోండి. మధ్యలో ఉన్న 52 నుంచి 144 దాకా రాడార్లతో పంచుకునే ఛానళ్ళు. రాడార్ సంకేతం తగిలిందనుకుంటే రౌటర్ ఆ ఛానల్ వదిలేయాలన్నది నిబంధన. ఉన్నట్టుండి వైఫై మాయమై కాసేపటికి తిరిగి రావడానికి ఒక్కోసారి అదే కారణం. వంటింట్లో మైక్రోవేవ్ పనిచేసేది కూడా 2.4 పరిధిలోనే కాబట్టి, అది తిరుగుతున్నప్పుడే మాట తెగుతోందేమో ఒకసారి గమనించండి.

కెమెరాల విషయంలో నాకు ఇంకాస్త అనుమానం ఉంది. ప్రహరీ గోడ దగ్గర, గేటు దగ్గర బిగించిన వైఫై కెమెరాకు సిగ్నల్ సరిగా అందదు. అందనప్పుడు అది నెమ్మదైన వేగంతో, పదే పదే పంపుతుంది. గాలిలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి కాబట్టి, ఆ కెమెరా ఒక చిన్న ముక్క పంపడానికి పట్టే కాలమంతా మీ ల్యాప్‌టాప్ నోరు మూసుకుని ఆగాలి. పైగా దృశ్యాలు ఎక్కడికి వెళ్తున్నాయి? ఇంట్లోని రికార్డర్‌లోకో కెమెరాలోని మెమరీ కార్డులోకో వెళ్తే అప్‌లోడ్ మీద భారం ఉండదు. క్లౌడ్‌కు, అంటే నెట్ మీదున్న కంపెనీ సర్వర్లకు, ఎప్పుడూ పంపే రకం అయితే ఒక్కో కెమెరాకు 2 ఎంబీపీఎస్ చొప్పున వేసుకున్నా నాలుగింటికి 8 అవుతుంది. మీ అప్‌లోడ్ అంకె 10 అని తేలితే అసలు దొంగ దొరికినట్లే. కెమెరా యాప్‌లో రికార్డింగును కార్డుకు మార్చండి, లేదా కదలిక ఉన్నప్పుడే పంపేలా పెట్టండి. నాణ్యత ఒక మెట్టు తగ్గించినా గేటు దగ్గర మనిషి మొహం గుర్తుపట్టవచ్చు.

ఇక క్యూఓఎస్. పత్తి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు ముందు నిలిచే బండ్ల వరుస మీరు చూసే ఉంటారు. ఆ వరుసలో ఒక స్కూటరు ఇరుక్కుంటే దానికి కావలసిన చోటు మూరెడే, అయినా ముందున్న ట్రాక్టర్లన్నీ కదిలేదాకా అది కదలదు. మీ గొంతు ముక్క ఆ స్కూటరు. ఫోను ఎక్కిస్తున్న ఫోటోలు, కెమెరాల దృశ్యాలు ట్రాక్టర్లు. గేటును రెట్టింపు చేయడం 200 ప్లాన్. స్కూటర్‌కు పక్కనుంచి దారి ఇవ్వడం క్యూఓఎస్.

ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు. రౌటర్లలో మెమరీ చవకైపోయి, ఒక్క ముక్కనూ పారేయకుండా వందల కొద్దీ దాచి వరుసలో నిలబెట్టడం మొదలయ్యాక ఇది ముదిరింది. జిమ్ గెటీస్ అనే అమెరికన్ ఇంజనీరు 2010 ప్రాంతంలో తన సొంత ఇంట్లో పెద్ద ఫైళ్ళు పంపుతున్నప్పుడు నెట్ మొత్తం మందగించడం చూసి, తవ్వుకుంటూ పోయి దీన్ని బయటపెట్టాడు. మీ ఇంట్లాంటి ఇంట్లోనే దొరికింది. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనే ఇద్దరు మందు కనిపెట్టారు. ముక్క వరుసలో ఎంతసేపు నిలబడిందో కొలిచి, మితిమీరితే కొన్నిటిని పారేస్తూ పంపేవాళ్ళను నెమ్మదించమని చెప్పే పద్ధతి అది. దాని మీద వచ్చినవే ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులు. ఇవి ఒక్కో ప్రవాహానికి వేరే వరుస కట్టి వంతులవారీగా పంపుతాయి. చిన్నగా, పలచగా వెళ్ళే మీ గొంతుకు ఎవరూ చెప్పకుండానే దారి దొరుకుతుంది. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం (వరుసను తెలివిగా నడిపే పద్ధతి) అని గానీ ఈ పేర్లు గానీ కనిపిస్తే అదృష్టమే. పరికరాల జాబితాలతో పని లేకుండా దాన్నే ఆన్ చేయండి.

మీకు కనిపించిన పేజీలో అవి లేకుండా ఉత్త పరికరాల జాబితే ఉంటే, ఇలా నింపండి. ముందుగా మొత్తం వేగం అడుగుతుంది. ప్లాన్ పేరు మీదున్న 100 అక్కడ రాయకండి. ఎవరూ వాడని వేళ, కేబుల్ మీద చేసిన స్పీడ్ టెస్టు అంకెలు తీసుకుని, వాటిలో 90 శాతం రాయండి. అప్‌లోడ్ 40 వస్తే 36, డౌన్‌లోడ్ 92 వస్తే 83. కొంచెం పోగొట్టుకుంటున్నట్లు అనిపిస్తుంది, కానీ మర్మమంతా అక్కడే ఉంది. పూర్తి వేగం రాస్తే వరుస మీ రౌటర్లో కాకుండా దాని అవతల ఆపరేటర్ వైపు పరికరంలో ఏర్పడుతుంది, అక్కడ మీ మాట చెల్లదు. ఇంకో సంగతి, కొన్ని రౌటర్లు ఈ అంకెను కేబీపీఎస్‌లో అడుగుతాయి. అక్కడ 36 ఎంబీపీఎస్ అంటే 36000 అని రాయాలి. 36 అని రాసి సేవ్ నొక్కితే ఇల్లంతా నెట్ పడుకుంటుంది, లైను పోయిందని మీరు ఆపరేటర్‌కు ఫోను చేస్తారు.

తర్వాత వరుస క్రమం. అన్నిటికంటే పైన మీ ల్యాప్‌టాప్. దాని పక్కనే బాబు క్లాసు వినే పరికరం. గేమ్ కూడా ఆ పరికరం మీదే ఆడితే ఆడనివ్వండి. టీవీ మామూలు స్థాయిలో ఉండవచ్చు, అది ముందే దాచుకుని నడిచేది కాబట్టి దానికి నష్టం లేదు. కెమెరాలు, ఫోటోలు ఎక్కించే ఫోన్లు అట్టడుగున. పై స్థాయిలో రెండు పరికరాలకు మించి పెట్టవద్దు. అందరినీ ముందు నిలబెడితే ముందు అనేదే ఉండదు. యాప్‌ను బట్టి ప్రాధాన్యం ఇస్తామని కొన్ని రౌటర్లు చెబుతాయి. ఇప్పుడు దాదాపు అంతా గుప్తీకరించి వెళ్తుంది కాబట్టి ఏది మీటింగో ఏది సినిమానో అవి తరచుగా పొరబడతాయి, పరికరాన్ని బట్టి ఇవ్వడమే నమ్మకం. అయితే మీ ల్యాప్‌టాప్‌కు ముందు చోటు ఇచ్చారంటే దానిలోని విండోస్ అప్‌డేట్‌కూ, క్లౌడ్ ఫోల్డర్ సింక్‌కూ కూడా ఇచ్చినట్లే. మీటింగు వేళల్లో వాటిని ఆపి ఉంచండి. వైఫై సెట్టింగుల్లో డబ్ల్యూఎంఎం అని ఒకటి ఉంటుంది. మాటను, వీడియోను, మామూలు పనిని, వెనక జరిగే పనిని నాలుగు తరగతులుగా గాలిలో విడదీసేది అదే. దాన్ని ఆపమని ఎవరు చెప్పినా ఆపవద్దు, ఆపితే వైఫై వేగం 54 ఎంబీపీఎస్ పాత కాలానికి పడిపోతుంది.

ఆపరేటర్ మీకిచ్చిన రౌటర్ పెట్టెలో క్యూఓఎస్ పేరుకే ఉండి పనిచేయకపోవచ్చు. అప్పుడు ఎస్‌క్యూఎం ఉన్న రౌటర్ వేరుగా కొని ఆ పెట్టె వెనక పెట్టాలి. ఇక్కడ చాలా మంది ఒక పని మరిచిపోతారు. టీవీ, కెమెరాలు పాత పెట్టె వైఫై మీదే ఉండిపోతే కొత్త రౌటర్‌కు అవి కనిపించవు, కనిపించని దాన్ని అది అదుపు చేయలేదు. కాబట్టి ఇంట్లోని ప్రతి పరికరాన్నీ కొత్త దాని మీదికి మార్చి, పాత పెట్టెలో వైఫై పూర్తిగా ఆపేయాలి. వీలైతే పాత పెట్టెను బ్రిడ్జ్ పద్ధతికి, అంటే రౌటర్ పని మాని నెట్‌ను కొత్త దానికి దాటించే పద్ధతికి, మార్చమని ఆపరేటర్‌ను అడగండి. కొన్ని చవక రౌటర్లు ఈ లెక్కలన్నీ చేస్తూ పూర్తి 100 అందించలేవు, కొనే ముందు ఆ సంగతి దుకాణంలో అడగండి.

బాబు గురించి. గేమ్ ఆడటం తేలికైన పనే, గేమ్‌ను దించుకోవడమే బరువు. ఒక్కో అప్‌డేట్ పదుల జీబీ ఉంటుంది. అది వచ్చే దారిని నింపుతుంది, క్లాసుకూ మీటింగుకూ కూడా అడ్డొస్తుంది. పిల్లవాడిని కూర్చోబెట్టి పింగ్ అంకెలు తనకే చూపించండి. ఆటలో తను తిట్టుకునే లాగ్ (ఆట ఆగి ఆగి నడవడం), మీ మీటింగులో తెగే మాట ఒకటే జబ్బు అని తనకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే తన ఆటకు కావలసింది కూడా తక్కువ ఆలస్యమే. అప్‌డేట్లు రాత్రి 11 తర్వాతకు పెట్టుకోమనండి. ఈ సెట్టింగులన్నీ తనకే అప్పగించినా చక్కగా చేస్తాడు, ఇంటర్ కుర్రాడికి ఇవి పెద్ద లెక్క కాదు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఫోటోల బ్యాకప్‌ను కూడా పడుకునే వేళకు మార్చండి. పెళ్ళికి వెళ్ళి వచ్చిన సాయంత్రం నాలుగు ఫోన్లు ఒకేసారి వీడియోలు ఎక్కించడం మొదలుపెడితే మీ మీటింగు ముందుకు సాగదు.

కేబుల్ మీద, ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు కూడా పింగ్ బాగా లేకపోతేనే లైనును అనుమానించండి. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. వెలగకపోయినా వెలుగు బలహీనంగా ఉండవచ్చు. సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే పెట్టెకు అందుతున్న వెలుగు బలం, అని ఉంటే చూడండి. మైనస్ 27 డీబీఎం దగ్గరికి వచ్చిందంటే అంచున ఉన్నట్లు, గాలికి తీగ ఊగినా తెగుతుంది. స్తంభం నుంచి మీ డాబాకు వచ్చే తీగ వేలాడుతోందా, ఎక్కడైనా మడత పడిందా చూసి ఆపరేటర్ మనిషికి చూపించండి. ఊడిన ఫైబర్ కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడవద్దు, అందులోని లేజర్ కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులో పెట్టె ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంటే, రౌటర్ల కోసమే అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. రెండు పెట్టెలుంటే రెండింటికీ. మే నెలలో మూసిన అలమరలో ఉంచిన రౌటర్ వేడెక్కి తిక్కగా ప్రవర్తిస్తుంది, గాలి తగలనివ్వండి.

కేబుల్ మీద సాయంత్రం ఎనిమిదికి రౌటర్ పింగ్ 1, బయటి పింగ్ 200, అదే ఉదయం ఆరుకు 15 అని వస్తే, ఇంట్లో ఎవరూ ఏమీ ఎక్కించకపోయినా అలా వస్తే, మీ వీధి మొత్తం పంచుకునే లైను ఆపరేటర్ దగ్గర కిక్కిరిసిందన్న మాట. ఆ తెరల ఫోటోలు తేదీ, సమయంతో సహా తీసి ఫిర్యాదు పెట్టి, డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. తేలకపోతే ప్రతి కంపెనీకీ అప్పిలేట్ అథారిటీ ఉండాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన, అక్కడికి వెళ్ళండి. కిక్కిరిసిన లైను మీద 200 ప్లాన్ తీసుకున్నా అదే రద్దీలో నిలబడాలి.

ప్లాన్ మార్చక తప్పని సందర్భం ఒకటుంది. కెమెరాలు సర్ది, బ్యాకప్‌లు రాత్రికి మార్చాక కూడా కేబుల్ మీద అప్‌లోడ్ అంకె 10 దాటకపోతే మీ మీటింగుకూ బాబు క్లాసుకూ కలిపి ఇరుకే. అప్పుడు డబ్బు పెట్టవచ్చు. కానీ 200 అన్నది డౌన్‌లోడా, రెండు వైపులా అంతేనా, డేటా పరిమితి దాటితే ఎంతకు పడిపోతుంది అని ఆపరేటర్‌ను అడిగి, జవాబు మెసేజ్‌లో తెప్పించుకున్నాకే కట్టండి.